ఆ రెండు నిమిషాలు

కోడింగ్ రౌండ్ దాటేశా. హెచ్‌ఆర్ 'మీ గురించి చెప్పండి' అనగానే నోరు పెగల్లేదు. ఇలా రెండుసార్లు జరిగాక, ఉక్రోషంతో ఓ ఆదివారం హైదరాబాద్‌లో టోస్ట్‌మాస్టర్స్ క్లబ్ మీటింగ్‌కి వెళ్లా. 1924లో అమెరికాలో రాల్ఫ్ స్మెడ్లీ మొదలుపెట్టిన క్లబ్బులివి.

రాసుకొచ్చిన ప్రసంగాలు సరే, నన్ను వణికించింది 'టేబుల్ టాపిక్స్'. టాపిక్ అప్పటికప్పుడే ఇస్తారు. నిమిషానికి పచ్చ లైటు, ఒకటిన్నరకి పసుపు, రెండు నిమిషాలకి ఎరుపు. నాకొచ్చింది 'వాన'. పచ్చ లైటు వెలగకముందే మాటలైపోయాయి! చివర్లో 'ఆహ్ కౌంటర్' లేచి లెక్క చదివారు: 'బేసికల్లీ' ఆరుసార్లు, ఇంగ్లిష్ మధ్యలో మన 'అంటే' తొమ్మిదిసార్లు. అందరితోపాటు నేనూ నవ్వేశా. కానీ ఈ సంగతి ఏ రిజెక్షన్ మెయిల్‌లోనూ రాయరు కదా! తర్వాతి వారం ఎరుపు దాకా లాగాను, 'అంటే'లు నాలుగే.

అతిథిగా వెళ్లి చూడొచ్చు. ముందు క్లబ్‌వాళ్లకి ఓ మాట చెబితే సరి. సభ్యులవ్వాలంటే 18 ఏళ్లు నిండాలి. ఆరు నెలలకోసారి కట్టే ఫీజు విద్యార్థి జేబుకి బరువే. కుదరకపోతే హాస్టల్ గదిలో నలుగురు కూర్చుని, చీటీలేసి, ఫోన్‌లో టైమర్ పెట్టుకోండి. 'అంటే'లు లెక్కపెట్టే పని మాత్రం మొహమాటం లేని ఫ్రెండ్‌కే ఇవ్వండి.