లావెక్కిన చిట్టెలుక

1949 వేసవిలో అమెరికాలోని మెయిన్ రాష్ట్రమున, బార్ హార్బరు పట్టణమందలి జాక్సన్ పరిశోధనాలయములో పెరుగుచున్న చిట్టెలుకలలో కొన్ని వింతగా కనబడినవి. పుట్టినపుడు వానికిని తోడి పిల్లలకును భేదము లేదు. నాలుగు వారములు నిండునప్పటికి అవి బంతులవలె గుండ్రనైనవి. మూడు నెలలకు తోబుట్టువులకు రెట్టింపు తూగినవి. సుమారు 30 గ్రాములుండవలసిన ప్రాణి కొన్నాళ్లకు 90 గ్రాముల వరకు పెరిగినది.

మారినది ఆకారము మాత్రమే కాదు. ఈ ఎలుకలకు సంతానము కలుగదు. వాని రక్తములో ఇన్సులిన్ మిక్కిలి అధికము. గ్లూకోజు కూడ హెచ్చును. ఒంటివేడి తక్కువ. 4 డిగ్రీల సెంటిగ్రేడు చలిలో ఉంచినచో కొన్ని గంటలలోనే చచ్చును. అంత క్రొవ్వుండియు చలికి చచ్చుట ఆశ్చర్యమే. కాని క్రొవ్వు కట్టెలమోపు వంటిది; మండించిననే గాని వేడి పుట్టదు. ఈ ఎలుక మంటను తగ్గించి మోపును పెంచుకొనుచుండును.

తిండిపోతు గనుక లావెక్కినదని సరిపెట్టుకొనవచ్చునా? సన్నని ఎలుక తినునంత మేతనే కొలిచి పెట్టినను, ఇది దానికంటె ఎక్కువ క్రొవ్వు కూడబెట్టును. కారణము నోటిలో లేదు, జన్యువులో నున్నది. లోపించిన జన్యువు తల్లిదండ్రులలో ఒకరినుండియే వచ్చినచో ఎలుక చూపునకు మామూలుగనే యుండును. ఇరువురినుండియు వచ్చినచో లావెక్కును. లోపమును దాచుకొన్న జంటకు పుట్టు పిల్లలలో సుమారు నాల్గింట ఒకటి ఇట్టిది. మెండెల్ బఠాణీలలో చూచిన లెక్క ఇదియే.

ఆ జన్యువు చేయు పని యేమి? అదే పరిశోధనాలయములో 1960 తరువాత మరియొక రకము స్థూల మూషికము దొరికినది. దానికి మధుమేహము తీవ్రము. డగ్లస్ కోల్మన్ రెండేసి ఎలుకల ప్రక్కలను కుట్టి, ఒకదాని రక్తము రెండవదానిలోనికి పారునట్లు చేసెను. మధుమేహపు ఎలుకతో జతచేసిన మామూలు ఎలుక మేత మానివేసి కృశించి చచ్చినది. బార్ హార్బరు తొలి రకమును జతచేసినను అంతే. మధుమేహపు ఎలుక మాత్రము చలింపలేదు. తొలి రకమును మామూలు ఎలుకతో కలిపినపుడు అది తిండి తగ్గించినది. దీనినిబట్టి, రక్తములో “చాలు” అను సందేశ మొకటి కలదనియు, తొలి రకము దానిని తయారు చేయలేదనియు, రెండవ రకము దండిగా తయారు చేసియు గ్రహింపలేదనియు కోల్మన్ 1973లో వాదించెను. ఆ పదార్థ మెట్టిదో ఎవరును చూడకమునుపే ఇంత తేల్చుట గొప్ప విషయము.

పదార్థము 1994లో చిక్కినది. న్యూయార్కులోని రాక్‌ఫెల్లరు విశ్వవిద్యాలయమున జెఫ్రీ ఫ్రీడ్మన్ బృందము ఆ జన్యువును పట్టుకొన్నది. 167 అమైనో ఆమ్లముల మాంసకృత్తు తయారు కావలసినచోట, డీఎన్‌ఏలో ఒక్క సైటోసీనుకు మారుగా థైమీను చేరి, 105వ స్థానముననే పని ఆగిపోవుచున్నది. ఆ మాంసకృత్తును చేయునది క్రొవ్వు కణములే. గ్రీకు భాషలో సన్నని అని అర్థమిచ్చు పదమునుండి దానికి లెప్టిన్ అని పేరు పెట్టిరి. అది మెదడులోని హైపోథాలమస్‌కు శరీరపు నిల్వలను తెలుపును. 1995లో సూదిమందుగా ఇచ్చిచూడగా లావెలుకలు తిండి తగ్గించి సన్నబడినవి; 1996లో ఆడ ఎలుకలకు సంతానము కూడ కలిగినది.

మనుష్యులలో ఇట్టి లోపము 1997లో బ్రిటనులో బయటపడినది. బంధుత్వపు వివాహములున్న ఒక కుటుంబములో ఎనిమిదేండ్ల బాలిక 86 కిలోలు, రెండేండ్ల బాలుడు 29 కిలోలు తూగిరి. దాగియున్న లోపములు రెండు వైపులనుండి కలియుట అట్టి వివాహములలో ఎక్కువ. మేనరికములు వాడుకగానున్న మన ప్రాంతపు ఉపాధ్యాయులు పాఠమున గుర్తుంచుకొనదగినది. ఆ బాలికకు లెప్టిన్ ఇయ్యగా ఏడాదిలో 16 కిలోలకు పైగా తగ్గినది. అంతవరకు ఆమెను తిండిపోతని నిందించినవారు నిందించినది ఒక మాంసకృత్తు కొరతను.

అయితే ఇట్టివారు బహు అరుదు. లావైనవారిలో అధికుల రక్తమున లెప్టిన్ సమృద్ధిగనే యుండును. మెదడు దానిని సరిగా లెక్కచేయదు. వారి స్థితి మొదటి ఎలుకకంటె కోల్మన్ రెండవ ఎలుకకు దగ్గర. అందుచేతనే లెప్టిన్ సూది వారికి అంతగా ఫలింపలేదు.