చిత్తు కాగితపు పెట్టె



నంద్యాల నుండి ఆళ్లగడ్డకు పోవు దారిలో మా గ్రామమున్నది. ఆళ్లగడ్డ యనగానే మీకు శిల్పులు జ్ఞప్తికి వత్తురు. వారు రాతిలో అక్కరలేని భాగమును ఉలితో తొలగించి దేవతామూర్తిని వెలికి దీయుదురు. నేనిప్పుడు చెప్పబోవునది దానికి తలక్రిందులైన విద్య. అక్కరలేదని పారవేయు కాగితములనే పొరపొరగా చేర్చి పాత్రను నిలబెట్టు విద్య యిది. మన అవ్వలు దీనిని బాగుగా ఎరుగుదురు. అయితే అక్కరలేనిది ఏదియో నిర్ణయించుటలోనే చిక్కంతయు నున్నది.

మొదట విధానము చెప్పెదను. పాత వార్తాపత్రికలను, పిల్లలు వ్రాసి విడిచిన నోటుపుస్తకములను చిన్న ముక్కలుగా చించి, గంగాళములో నీరు పోసి రెండు మూడు దినములు నానవేయవలెను. దినమున కొకసారి నీరు మార్చినచో దుర్వాసన పుట్టదు. మెరుపుపూత గల కాగితములు నానవు గనుక వానిని వేరుగా నుంచవలెను. గుప్పెడు మెంతులను విడిగా నానబెట్టి మెత్తగా రుబ్బి, నీరు పిండిన కాగితముతో కలిపి రోటిలో దంచవలెను. మెంతుల జిగురు గుజ్జును పట్టి యుంచును. వాని చేదు పురుగును కొంతవరకు దూరము చేయును. బోర్లించిన బేసినుపై తడిగుడ్డ పరచి, దానిపై గుజ్జును పావు అంగుళము మందమున సమముగా తట్టవలెను. మొదటి దినము నీడలోను, పిమ్మట ఎండలోను ఆరనీయవలెను. తొందరపడి మొదటనే ఎండకు పెట్టినచో బీటలు వారును.

ఆరిన పాత్రకు నునుపు తెచ్చునది చింతగింజల జిగురు. గింజలను వేయించి, పొట్టు తీసి, నానబెట్టి రుబ్బి, నీటిలో ఉడికించిన అంబలివంటి జిగురు సిద్ధమగును. దానితో తెల్లకాగితమును రెండు పొరలుగా అంటించినచో గరుకుదనము పోవును. ఈ జిగురులో రంపపుపొట్టు కలిపిన ముద్దనే కొండపల్లి బొమ్మలు చేయువారు మక్కు అందురు. మన నంద్యాల జిల్లాలో సంజామల మండలమందలి నొస్సం చిత్రకారులు సైతము ఉబ్బెత్తు పని చేసి, దానిపై బంగారు మెరుగు దిద్దుటకు పేరు పొందిరి.

ఇక అలంకారము. పాత శుభలేఖలలోని వినాయకుని బొమ్మను కత్తిరించి మూతపై అంటింపవచ్చును. చినిగిన పట్టుచీర జరీ అంచును పెట్టె చుట్టును త్రిప్పవచ్చును. మక్కు తడిగా నుండగనే గవ్వలు, అద్దపు బిళ్లలు, పగిలిన గాజుల ముక్కలు అందులో నొత్తినచో గట్టిగా పట్టుకొనును. గురివింద గింజలు చూపునకు ముచ్చటగా నున్నను విషపదార్థము; పిల్లలున్న యింట వానిని వాడరాదు. అచ్చు కాగితముతో చేసిన పాత్రలో తినుబండారము లుంచరాదు.

ఇంత చెప్పిన నేనే యొక గొప్ప తప్పు చేసితిని. ఇరువది యేండ్ల క్రిందట పండుగకు అటక దులుపుచు, చిమ్మటలు కొట్టిన కాగితముల కట్ట నొకదానిని చూచితిని. అది గొలుసుకట్టు వ్రాత. నాకు చదువరాలేదు. మా నాయన అరుగుమీదనే కూర్చుండి యున్నాడు. ఆయనకు చూపవలెనని తోచలేదు. కట్టను తీసికొనిపోయి గంగాళములో వేసితిని. మూడవనాడు మా నాయన, "మీ తాత పారికత్తు కట్ట యేదిరా?" అని యడిగినప్పుడు రోటిలో గుజ్జు తప్ప మరేమియు లేదు. అది రిజిస్టరు చేయని పత్రము. నకలు దొరకు మార్గము లేదు. మా దాయాదులు మంచివారు గనుక నోటిమాటను మన్నించి గట్టును కదలింపలేదు. కాని మా నాయన బ్రతికి యున్నంతకాలము ఆ గట్టుమీద నడచినప్పుడెల్ల మాట తగ్గించి నడచెడివాడు. ఆ గుజ్జుతో చేసిన పెట్టె నేటికిని మా యింట నున్నది. పారికత్తు అందులోనే యున్నది. చదువుటకు మాత్రము వీలులేదు.

నాటినుండి మా యింట నొక నియమ మేర్పడినది. కాగితము నానవేయుటకు ముందు ఇంటి పెద్ద యొకరు ప్రతి తునకను చేతబట్టి చూడవలెను. ముద్రగాని, సంతకముగాని, వేలిముద్రగాని యున్నచో అది చిత్తు కాదు. శిస్తు రసీదులు, జాతకములు, పెద్దల చేతివ్రాత గల లెక్కపుస్తకములు, ఉత్తరములు ప్రక్కకు తీయవలెను. ఈ పని పడుచువారి వలన కాదు. గొలుసుకట్టు చదువగలవారు మీరే. మీరు చదువునపుడు మనుమలను ప్రక్కన గూర్చుండబెట్టుకొని, ఆ అక్షరములను వారికిని చూపుడు. మిగిలిన చిత్తుతో మనుమరాండ్రు పెట్టె చేయుదురు. ప్రక్కకు తీసిన కాగితములను ఒక పొడిగుడ్డలో చుట్టి, నాలుగు ఎండు వేపాకులు వేసి, ఆ పెట్టెలోనే దాచుడు.