మెకంజీలో ‘జ’ ఎక్కడిది?

తెలుగు చరిత్ర చదివినవారికి కల్నల్ కాలిన్ మెకంజీ కొత్తవాడు కాడు. కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరుల తోడ్పాటుతో ఊరూరి చరిత్రలు సేకరించి, కైఫీయతులుగా మనకు మిగిల్చిన సర్వేయరు ఆయన. స్కాట్లాండ్‌కు వాయవ్యాన లూయిస్ దీవిలో స్టోర్నోవే ఆయన సొంతూరు. ఆయన ఇంటిపేరులో మనం పలికే ‘జ’ మాత్రం మొదట లేదు. అచ్చు అక్షరాల కొరత దాన్ని తెచ్చిపెట్టింది.

స్కాట్లాండ్ కొండసీమల భాష గేలిక్. అందులో ‘మాక్’ అంటే కొడుకు. కోన్యఖ్ అనేది ఒక మగవాడి పేరు. ఇంగ్లిష్‌లో దాన్నే కెన్నెత్ అంటారు. ఈ రెండూ కలిసి ‘కోన్యఖ్ కొడుకు’ అనే ఇంటిపేరు అయింది. మైదానాల్లో మాట్లాడే స్కాట్స్ భాషలో ఈ పేరు రాయాల్సి వచ్చినప్పుడు, మధ్యలోని ‘న్య’ కోసం లేఖకులు ఎన్ పక్కన ‘యోఖ్’ అనే పాత అక్షరం పెట్టేవారు. చూడడానికి అది 3 అంకెలా ఉంటుంది. ఇక్కడ దాని పలుకు ఇంచుమించు ‘య’. ఆ లెక్కన పేరు ‘మకెన్యీ’.

చేతిరాతలో తోక ఉన్న జెడ్‌కూ యోఖ్‌కూ పెద్దగా తేడా ఉండేది కాదు. 1508 నాటికి ఎడిన్‌బరోలో పుస్తకాలు అచ్చవుతున్నాయి. యూరప్ నుంచి వచ్చిన టైపులో యోఖ్ లేకపోవడంతో, పోలిక చూసి జెడ్‌తో సరిపెట్టారు. కాలక్రమేణా జనం కూడా కంటికి కనిపించిన అక్షరాన్నే పలకసాగారు. మన బండి ఱ వాడుక తప్పినా పేర్ల పలుకు పెద్దగా చెడలేదు. అక్కడ అక్షరంతోపాటు పలుకే మారిపోయింది.

అన్ని పేర్లూ అలా లొంగలేదు. నార్మండీ నుంచి వచ్చిన మరో ఇంటిపేరును ‘మెన్జీస్’ అని రాసినా, స్కాట్లాండ్‌లో చాలామంది నేటికీ ‘మింగిస్’ అనే పలుకుతారు. ఆస్ట్రేలియా ప్రధానిగా పనిచేసిన రాబర్ట్ మెన్జీస్‌కు ‘మింగ్’ అనే ముద్దుపేరు వచ్చింది అందుకే.

దీనికితోడు చర్చి రిజిస్టర్లు. స్కాట్లాండ్‌లో జననమరణాలను ప్రభుత్వం తప్పనిసరిగా నమోదు చేయడం 1855 జనవరి 1న మొదలైంది. అంతకుముందు చర్చిలో గుమాస్తా చెవికి ఎలా వినిపిస్తే అలా రాసుకునేవాడు. ఒకే మనిషి పేరు బాప్తిజం నాడు ఒకలా, పెళ్లినాడు మరోలా కనిపించడం మామూలే. మాక్‌ను పూర్తిగా రాసినా, కుదించి ఎం, సి అని రాసినా ఒకటే. ఒకటి స్కాట్లాండ్‌దనీ, రెండోది ఐర్లండ్‌దనీ అనుకోవడం అపోహ.

ఇలాంటి చిక్కు విప్పడానికి అమెరికాలో రాబర్ట్ రసెల్ ‘సౌండెక్స్’ అనే పద్ధతి రూపొందించి 1918లో పేటెంటు పొందాడు. పేరులోని మొదటి అక్షరాన్ని అలాగే ఉంచి, తర్వాతి హల్లులకు అంకెలు వేస్తారు. కె, జి, జెడ్‌లకు 2, ఎన్‌కు 5. అచ్చులకూ వై అక్షరానికీ అంకె ఉండదు. మెన్జీస్, మింగిస్ రెండింటికీ ఎం522 వస్తుంది కాబట్టి రెండూ ఒకే గూటికి చేరతాయి. కానీ మెకంజీ ఎం252 అయితే, ‘వై’తో రాసిన మకెన్యీ ఎం250. అచ్చువాళ్లు పెట్టిన జెడ్‌ను యంత్రం కూడా నిజమనుకుంటుంది!

ఇంకో జాగ్రత్త అవసరం. కొండసీమల్లో రైతులూ ఆశ్రితులూ తమ నాయకుడి ఇంటిపేరు పెట్టుకున్న సందర్భాలున్నాయి. తండ్రి నుంచి కొడుక్కి సంక్రమించే వై క్రోమోజోమ్‌ను పరీక్షిస్తే, ఒకే ఇంటిపేరున్న ఇద్దరికి మగసంతతి వరుసలో దగ్గరి పూర్వీకుడు లేడని తేలవచ్చు. స్పెల్లింగు కలిసినంత మాత్రాన చుట్టరికం రుజువు కాదు, తేడా వచ్చినంత మాత్రాన తెగిపోదు. స్కాట్లాండ్ మూలాలు వెతికేవారు జెడ్, వై, జి మూడింటితోనూ వెతికి, ఊరూ తల్లిదండ్రుల పేర్లూ సరిపోల్చుకున్నాకే వంశవృక్షంలో పేరు చేర్చుకోవాలి.