మసూరు స్టేషన్‌లో దిగిన బాలుడు

అంటరానితనం ఎంత బాధాకరమో విదేశీయులకు తెలియజెప్పాలని డా. బి.ఆర్. అంబేద్కర్ 1930లలో కొన్ని జ్ఞాపకాలు రాశారు. సాధారణ వర్ణన కన్నా జరిగిన సంఘటనలు చెప్పడమే మేలని ఆయన భావించారు. అవి 1990లో 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా' పేరుతో చిన్న పుస్తకంగా వచ్చాయి.

మొదటి సంఘటన 1901 నాటిది. తండ్రి దగ్గరికి కొత్తబట్టలతో బయలుదేరిన పిల్లలు మసూరు స్టేషన్‌లో దిగారు. కులం తెలియగానే బండివాళ్లు రామన్నారు. చివరికి ఒకడు రెట్టింపు బాడుగకు ఒప్పుకున్నాడు. అదీ బండి పిల్లలే తోలుకోవాలి, తాను పక్కన నడుస్తాడు! ఆ రాత్రి దగ్గర తిండి ఉన్నా, తాగడానికి నీళ్లు దొరకలేదు.

బడిలో విడిగా గోనెపట్టా మీద కూర్చోవడం ఆ బాలుడికి అప్పటికే అలవాటు. అది లోకరీతి అనుకున్నాడు. ఈ ప్రయాణమే తనను ఆలోచింపజేసిందని తర్వాత రాశారు.

మిత్రులారా, ఇది చదువుతుంటే మనలో కొందరికి ఊళ్లో టీ కొట్టు దగ్గర విడిగా పెట్టిన గ్లాసు గుర్తుకు రావచ్చు. అది మన ఒక్కరికే జరగలేదని, మన తప్పు కాదని అప్పుడు తెలుస్తుంది. ఆ అనుభవం లేనివారికేమో దాహంతో ఉన్న పిల్లవాడు కనిపిస్తాడు. చట్టంలోని సెక్షన్లలో అతను కనిపించడు.

వై.బి. సత్యనారాయణ గారి 'మా నాయన బాలయ్య' కూడా దొరికితే చదవండి. రైల్వేలో పనిచేస్తూ పిల్లల్ని చదివించుకున్న తండ్రి కథ అది.