పసిపిల్లల నడకను బట్టి ప్రయాణం

అల్వాల్ నుండి రాజస్థాన్‌లోని జైసల్మేర్‌కు రోడ్డున 1,600 కిలోమీటర్ల పైమాటే. అక్కడ మాఘ పౌర్ణమితో ముగిసే మూడు దినాల ఎడారి పండుగ చూడాలని మా నాలుగు కుటుంబాలు తలపెట్టాయి. "డ్రైవర్లు మారుతూ రాత్రింబగళ్లు పోతే రెండు రోజుల్లో చేరతాం" అన్నారు మా యువకులు. అయితే మాతో షుగరున్న అమ్మమ్మ, మూడేళ్ల పాప ఉన్నారు.

ఆదికాండము 33వ అధ్యాయంలో యాకోబు ఏశావుతో కలిసి వడిగా నడవనన్నాడు. పిల్లల నడకను బట్టి, మందల నడకను బట్టి మెల్లగా వస్తానన్నాడు. ఆ లెక్కనే మేమూ పట్టుకున్నాము.

రోజుకు 350 కిలోమీటర్లు. చీకటి పడకముందే బస. మేడ్చల్, నిర్మల్ మీదుగా 44వ జాతీయ రహదారిపై వెళ్లి మొదటి రాత్రి ఆదిలాబాదులో ఆగాలి. జోధ్‌పూర్ దాటాక ఊళ్లు పలచబడతాయి గనుక అక్కడే డీజిల్, తాగునీరు నింపుకోవాలి, స్టెప్నీలో గాలి చూసుకోవాలి. ఎడారిలో పగలు ఎండ, రాత్రి చలి. కాబట్టి కంబళ్లు తప్పవు. అమ్మమ్మ ఇన్సులిన్ ఎండ తగిలే చోట పెట్టరాదు. జైసల్మేర్‌కు 40 కిలోమీటర్ల అవతలున్న సమ్ ఇసుక తిన్నెల్లోకి కారు దించరాదు.

సెలవులు చాలకపోతే ఎలా? పండుగలో ఒక రోజు తగ్గించుకుందాము గాని, రాత్రి ప్రయాణం వద్దనుకున్నాము. పండుగ మళ్లీ ఏడాదికి వస్తుంది. బయలుదేరినవారందరూ క్షేమంగా ఇల్లు చేరడమే ముఖ్యం.