చంటిపిల్లలు, సెల్‌ఫోన్: అపోహలు – వాస్తవాలు

ఫోన్‌లో పాటలు, బొమ్మల వీడియోలు చూపిస్తే పిల్లలకు మాటలు త్వరగా వస్తాయనే నమ్మకం చాలా ఇళ్లలో ఉంది. ఏబీసీడీలు గడగడా అప్పజెప్పే రెండేళ్ల పిల్లాణ్ని చూస్తే నిజమేననిపిస్తుంది. కానీ అప్పజెప్పడం వేరు, మాట్లాడటం వేరు. 2003లో పట్రీషియా కూల్ బృందం అమెరికాలో తొమ్మిది నెలల పసివాళ్లకు చైనీయుల మాండరిన్ భాష వినిపించింది. మనిషి ఎదురుగా కూర్చుని ఆడిస్తూ మాట్లాడితే, ఆ భాషలోని ధ్వనుల తేడాలను పిల్లలు పసిగట్టారు. అవే మాటలు టీవీలో వింటే ఏమీ పట్టుబడలేదు. బిడ్డ వేలు చూపించిన వైపు చూసి, ఆ వస్తువు పేరు చెప్పడం తెరకు చేతకాదు. మాట పుట్టేది ఆ ఇచ్చిపుచ్చుకోవడంలోనే. తాతయ్య, అమ్మమ్మలతో వీడియో కాల్ సంగతి వేరు, అవతల బదులు పలికే మనిషి ఉంటారు. అందుకే ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ రెండేళ్లలోపు తెర అసలే వద్దంటూనే, అయినవాళ్లతో వీడియో కాల్‌కు మినహాయింపు ఇచ్చింది. కూతురో కొడుకో కుటుంబంతో అమెరికాలో ఉన్న అమ్మమ్మలు, నానమ్మలు నిశ్చింతగా ఉండొచ్చు.

దీనికి సరిగ్గా ఎదురు అపోహ, ఫోన్ చూస్తే ఆటిజం వస్తుందనేది. ‘వర్చువల్ ఆటిజం’ అనే మాట ఎంత ప్రచారమైనా, వైద్యులు రోగ నిర్ధారణకు వాడే ప్రమాణాల్లో అలాంటి జబ్బు లేదు. ఆటిజం మెదడు ఎదుగుదలకు సంబంధించినది, అందులో జన్యువుల పాత్ర పెద్దది. ఫోన్ మానిపిస్తే పిల్లాడు బాగుపడ్డాడుగా అంటారు కొందరు. ఫోన్ తీసేశాక ఇంట్లోవాళ్లు వాడితో మాట్లాడటం, ఆడటం మొదలుపెడతారు. మాటలు వెనకబడిన పిల్లాడికి అది మేలు చేస్తుంది, కానీ తెర వల్ల ఆటిజం వచ్చిందనడానికి అది రుజువు కాదు. ఈ అపోహతో రెండు నష్టాలు. నింద తల్లి మీద పడుతుంది. ఇంకా ఘోరమైనది, ‘ఫోన్ మానితే అదే సర్దుకుంటుంది’ అంటూ నెలలు గడిపేయడం. ఏడాదిన్నర దాటినా ఒక్క మాటా రాకపోయినా, పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడకపోయినా వెంటనే పరీక్ష చేయించాలి. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ఎదుగుదల లోపాలను ఉచితంగానే పరీక్షిస్తారు.

అయితే తెర వల్ల హాని ఎక్కడుంది? ఎక్కువగా అది ఆక్రమించే చోటులో. చెవిన పడే మాటలను పరికరంతో రికార్డు చేసిన 2009 నాటి అమెరికా అధ్యయనంలో, టీవీ మోగే ప్రతి గంటకూ బిడ్డ వినే పెద్దల మాటలు సగటున 770 తగ్గాయి. అంటే ‘పిల్లాడు చూడటం లేదు, ఊరికే పెట్టాం’ అన్నా నష్టం ఉంది. కళ్ల విషయమూ ఇంతే, అక్కడ తెర ఆక్రమించేది ఆరుబయటి ఆటను. చైనాలోని గ్వాంగ్‌జౌ బడుల్లో రోజూ 40 నిమిషాలు అదనంగా ఆరుబయట గడిపిన పిల్లల్లో మూడేళ్లలో 30 శాతం మందికి హ్రస్వదృష్టి వస్తే, మిగతా పిల్లల్లో దాదాపు 40 శాతం మందికి వచ్చింది. ఫోన్‌కు ‘కళ్లకు రక్షణ’ అద్దం అతికించడం ఎండలో ఆటకు బదులు కాదు.

‘ఇది ఇంటి గొడవ, ఇందులో డాక్టర్ చేసేదేముంది’ అనేది మరో అపోహ. న్యూయార్క్ బెల్‌వ్యూ ఆసుపత్రిలో మామూలు చెకప్‌కు వచ్చిన తల్లీబిడ్డలు ఆడుకుంటుంటే కొద్ది నిమిషాలు వీడియో తీసి, దాన్ని తల్లితో కలిసి చూస్తూ, ఆమె ఏ పలకరింపుకు బిడ్డ స్పందించిందో చూపించారు. ఆ ఇళ్లలో పసివాళ్ల టీవీ సమయం తగ్గిందని 2011లో తేలింది. మన ఓపీలో అంత తీరిక ఎక్కడిదన్న అభ్యంతరం న్యాయమైనదే. కానీ ‘ఎంతసేపు ఇస్తున్నారు’ అనేదానికన్నా ‘ఎప్పుడు ఇస్తున్నారు’ అని అడగడానికి అరనిమిషం చాలు. అన్నం పెట్టేటప్పుడా, ఏడ్చినప్పుడా, తల్లి ఒంటరిగా వంట చేసుకునేటప్పుడా? మూడింటికీ జవాబు వేరు. తోడులేని తల్లిని పూర్తిగా మానెయ్యమంటే ఆమె మనసులోనే కాదనుకుని లేచిపోతుంది. ముందు అన్నం దగ్గర ఆపమంటే వింటుంది. ఆకలి తీరిందో లేదో బిడ్డకు తెలియాల్సింది అక్కడే. రెండు నుంచి ఐదేళ్ల వరకు ఇండియన్ అకాడమీ చెప్పిన రోజుకో గంట కూడా గరిష్ఠ పరిమితే, రోజూ తీర్చాల్సిన కోటా కాదు.

మీ పాపకో బాబుకో 16–24 నెలల టీకాలకు వెళ్లినప్పుడు, ఏయే వేళల్లో ఫోన్ ఇస్తున్నారో డాక్టర్‌కు దాచకుండా చెప్పండి. ఆయన అడగకపోతే మీరే ఆ మాట ఎత్తండి.