వంద కాని వంద

కొత్త మిషను దిగిన రోజు సాయంత్రం మా సంఘ కాపరి అయ్యగారిని పిలిచి ప్రార్థన చేయించుకున్నాం. షాపు ముందు పిల్లలకు మిఠాయి పంచాం. అన్నదమ్ములం ఇద్దరం గద్వాలలో చక్రాల మరమ్మతు చేసుకుని బతికేవాళ్లం. పంక్చర్లు వేయడం, గుంతల్లో పడి వంగిన రిమ్ములను సుత్తితో, జాకీతో సరిచేయడం మా పని. 2016 అక్టోబరు 11న గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మూడూ మహబూబ్‌నగర్ నుంచి విడివడి జిల్లా కేంద్రాలయ్యాక మా రోడ్డు మీద కార్లు పెరిగాయి. చక్రాలు బ్యాలెన్స్ చేయించాలంటే చాలామంది కర్నూలు పోయేవాళ్లు. ఆ పనేదో మనమే చేద్దామని ఇంట్లోని బంగారం కుదువబెట్టి, పైన కొంత అప్పు తెచ్చి మిషను కొన్నాం.

చక్రం బ్యాలెన్స్ అంటే ఏమిటో తెలియని పాఠకుల కోసం రెండు మాటలు. రిమ్ము, టైరు ఎంత బాగా తయారైనా చుట్టూ బరువు ఒక్క తీరుగా ఉండదు. ఒకచోట 30 గ్రాములు ఎక్కువ ఉందనుకోండి. బండి నిలబడి ఉన్నప్పుడు అదేమీ తెలియదు. 80 కిలోమీటర్ల వేగంలో మాత్రం జీపు చక్రం సెకనుకు పదిసార్లకు పైగా తిరుగుతుంది. అప్పుడా 30 గ్రాములే సుమారు రెండున్నర కిలోల బలంతో ఇరుసును గుంజుతాయి. వేగం రెట్టింపైతే గుంజుడు నాలుగింతలవుతుంది. స్టీరింగ్ వణుకుతుంది, టైరు ఒకచోటే అరుగుతుంది, బేరింగులు దెబ్బతింటాయి. చక్రాన్ని మిషను షాఫ్టుకు ఎక్కించి, మధ్య రంధ్రంలో కోను పెట్టి నట్టు బిగిస్తాం. రిమ్ము వ్యాసం, వెడల్పు, మిషను నుంచి రిమ్ము ఎంత దూరమో నొక్కి తిప్పుతాం. ఏ వైపు, ఏ చోట, ఎన్ని గ్రాముల సీసం పెట్టాలో అది చూపిస్తుంది. పెట్టాక సున్నా రావాలి. ఆ సున్నా కూడా నిజంగా సున్నా కాదు, 5 గ్రాములలోపు అని అర్థం!

మా మిషనుకు మొదటి రోజు నుంచే జ్వరం. ఒకే చక్రం, చెయ్యి కూడా తగిలించకుండా ఐదుసార్లు తిప్పితే 35 అంది, 20 అంది, 50 అంది, మళ్లీ 25, చివరికి 40 అంది. ఏది నమ్మాలి? కరెంటు మీద అనుమానంతో స్టెబిలైజరు పెట్టాం, ఎర్తింగు కొత్తగా తీశాం. కొంచెం తగ్గింది కానీ పోలేదు. కంపెనీకి రోజూ ఫోను చేసి పాడు మిషను అంటగట్టారని కోపంగా మాట్లాడాం. ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది.

ఆ రోజుల్లోనే నాగర్‌కర్నూల్ నుంచి ఒక తుఫాన్ బండి వచ్చింది. గద్వాల వైపు పత్తి విత్తనం పండించే చేలల్లో పువ్వుకు పువ్వు చేత్తో జత కలపాలి. ఆ పనికి కూలీలను తెచ్చి దించిపోయే బండి అది. డ్రైవరు నెమ్మదైన మనిషి. నాలుగు చక్రాలూ చేసి పంపాం. వారం తిరగకముందే మళ్లీ వచ్చి, “అన్నా, బీచుపల్లి బ్రిడ్జి దాటినంక స్టీరింగు చేతుల నిలుస్తలేదు. వెనక ఆడమనుషులు ఉంటరు. జర సక్కగ చూడు” అన్నాడు. గొడవ పడలేదు, డబ్బులు తిరిగి అడగలేదు. అతను తిట్టి ఉంటే మాకు ఇంకా తేలికగా ఉండేది.

ఆదివారం ఆరాధన అయ్యాక మా సంఘంలోని ఒక పెద్దాయనతో ఈ సంగతి చెప్పుకున్నాం. వనపర్తి రాజభవనంలో 1959లో మొదలైన పాలిటెక్నిక్‌లో చదివి, వర్క్‌షాపుల్లో పనిచేసి రిటైరైన మనిషి. ఆయన మిషను వైపు చూడనే లేదు. “నేల ఎట్లున్నది బిడ్డా?” అని అడిగారు. గ్లాసు నిండా నీళ్లు తెప్పించి మిషను పక్కన నేల మీద పెట్టించి, చక్రం తిప్పమన్నారు. గ్లాసులో నీళ్లు సన్నగా వణికాయి. షాపు కట్టినప్పుడు నల్లమట్టి పోసి చదును చేసి పైన షాబాద్ బండలు పరిచాం. కింద మట్టి కుంగి బండ కింద బోలు పడింది. బండ ఊగితే మిషను ఊగుతుంది. లోపలి సెన్సార్లు చక్రం కుదుపునూ నేల కుదుపునూ వేరు చేసి చూడలేవు.

మిషను పక్కకు జరుపుతుంటే ఆయన తన చిన్ననాటి మాట ఒకటి చెప్పారు. ఈ మూడు ఊళ్లలోనూ మెన్నోనైట్ బ్రదరెన్ మిషన్ పనిచేసింది కదా, మిషనరీలు ఎడ్లబండ్ల మీద పల్లెలు తిరిగిన కాలం గురించి పెద్దలు చెప్పుకునేవారట. వడ్రంగి బండిచక్రానికి ఇనుప పట్టా ఎక్కించే ముందు కింద రాయి కదులుతోందా అని కాలితో తొక్కి చూసేవాడట. ఆకులు, ఇరుసు, సీల తర్వాతి సంగతి! మాకు ఆ కథ వినే ఓపిక ఆ పూట లేదు, నిజం చెప్పాలంటే. గిరాకీ పోతోందన్న బెంగే ఉంది.

బండలు తీసి అడుగున్నర తవ్వి, ఇనుప చువ్వలు కట్టి కాంక్రీటు పోశాం. తడి గోనెసంచులు కప్పి పది రోజులు ఆగాం. ఆ పది రోజులూ పైసా రాలేదు. తర్వాత మట్టం చూసి బోల్టులతో మిషను బిగించాం. అదే చక్రం ఐదుసార్లు తిప్పితే 40, 40, 45, 40, 40!

సంతోషం ఒక పూటే. పెద్దాయన ఇంకో పరీక్ష చెప్పారు. సున్నా వచ్చిన చక్రాన్ని నట్టు వదులు చేసి, షాఫ్టు మీద సగం చుట్టు తిప్పి, మళ్లీ బిగించి చూడమన్నారు. 35 వచ్చింది. చక్రం మారలేదు, సీసం మారలేదు, కూర్చున్న తీరు మారిందంతే. చూస్తే రిమ్ము మధ్య రంధ్రంలో తుప్పు, ఎండిన బురద ఉన్నాయి. షాఫ్టు మీద చక్రం ఆనే చోట, ప్యాకింగులో పూసిన గ్రీజు చుక్క ఒకటి గట్టిపడి అంటుకుని ఉంది. గోరంత చుక్క. చక్రం నడుమ తప్పి ఒక పక్కకు కూర్చోవడానికి అంత చాలు. తుఫాన్ బండి స్టీరింగు ఎందుకు వణికిందో అప్పుడు తెలిసింది. తీగబ్రష్షుతో అన్నీ శుభ్రం చేశాక ఎటు తిప్పి బిగించినా 5 దాటలేదు. తుఫాన్‌ను పిలిపించి మళ్లీ చేశాం. ఈసారి వణుకు పోయింది.

కానీ ఒక సంగతి తేడాగానే ఉంది. నేల మారింది కాబట్టి మిషనుకు తూకం మళ్లీ నేర్పాలని కంపెనీ ఇంజనీరు ఫోనులో చెప్పాడు. ఉత్త చక్రాన్ని ఒకసారి, దానికి 100 గ్రాముల బిళ్ల తగిలించి ఇంకోసారి తిప్పితే మిషను ఆ బిళ్లను బట్టి గ్రాము అంటే ఎంతో నేర్చుకుంటుంది. అలాగే చేశాం. అప్పటి నుంచి ప్రతి చక్రం రెండు మూడు విడతలు అడగసాగింది. 55 అంటుంది. పెడితే ఎదురు వైపు 20 అంటుంది. అదీ పెడితే మొదటి వైపు ఇంకో 5 అంటుంది. అప్పుడు గానీ సున్నా రాదు. చక్రం చివరికి సరిగానే తిరుగుతుంది, కానీ 40తో పోయేదానికి 80 గ్రాముల సీసం ఎక్కుతుంది. సీసానికి మేము గ్రాముల లెక్కన డబ్బు తీసుకుంటాం!

ఇంజనీరు అడిగాడు, “మేమిచ్చిన బిళ్లతోనే చేశారు కదా సార్?” ఔనన్నాం. అబద్ధం. పెట్టెలో వచ్చిన బిళ్ల కాంక్రీటు పనుల హడావిడిలో ఎక్కడో పోయింది. పాత లారీ చక్రం నుంచి ఊడదీసిన సీసం ముక్క మీద 100 అని అచ్చు ఉంటే దాంతో కానిచ్చేశాం. వందంటే వందే కదా అనుకున్నాం. పోయిందని చెబితే వారంటీకి పేచీ పెడతారేమోనని భయం కూడా. అలా ఎనిమిది రోజులు గడిచాయి. పాపం అతను సెన్సారే చెడిందని నమ్మి, కంపెనీ ఖర్చుతో కొత్తది తీసుకుని హైదరాబాద్ నుంచి మంగళవారం బయలుదేరతానన్నాడు.

సంచిలో రెండు రకాల తూనికరాళ్లు ఉంచుకోకూడదని మోషే ధర్మశాస్త్రంలో ఉన్నది మేము సండేస్కూలులోనే నేర్చుకున్నాం. అది దుకాణదారులకు చెప్పిందనే ఇన్నాళ్లూ అనుకున్నాం. సోమవారం పొద్దున్నే ఆ ముక్కను జేబులో వేసుకుని బజారులో తెలిసిన బంగారు కొట్టుకు వెళ్లాం. ఆయన కాటా మీద పెట్టి నవ్వాడు. 74 గ్రాములు! తిప్పి చూస్తే ఒక కొసను ఎవరో ఎప్పుడో పట్టకారుతో కత్తిరించిన గుర్తు ఉంది. 74ను 100 అని నేర్పితే, పాపం ఆ మిషను 40ని 55 అనక ఏమంటుంది?

కొట్టు మెట్ల మీద నుంచే ఇంజనీరుకు ఫోను చేశాం. ఉన్నది ఉన్నట్టు చెప్పాం. కాసేపు అటు నుంచి మాట లేదు. తర్వాత, “టికెట్ క్యాన్సిల్ చేసుకుంటా సార్. కొత్త బిళ్ల పంపిస్తా, కొరియర్ ఖర్చు మీదే” అన్నాడు. ఇంకేమీ అనలేదు.

రిజిస్టరు తీశాం. ఆ ఎనిమిది రోజుల్లో 23 బండ్లు. ఏ చక్రానికి ఎన్ని విడతల్లో ఎంత సీసం పెట్టామో రాసి ఉంది కాబట్టి ఎవరికి ఎంత ఎక్కువ వేశామో లెక్క తేలింది. చెప్పాలా వద్దా అని మా ఇద్దరి మధ్య రెండు రోజులు వాదన నడిచింది. ఊరంతా తెలిస్తే షాపు పరువేమవుతుందని ఒకరం, బండి బాగానే నడుస్తున్నప్పుడు కదిలించడమెందుకని కాసేపు ఇద్దరమూ. చివరికి ఒక్కొక్కరికీ ఫోను చేశాం. కొందరు నవ్వి వదిలేయమన్నారు. ఒకాయన గట్టిగానే మాట్లాడి, డబ్బు తీసుకుని, ఆ తర్వాత మళ్లీ మా గడప తొక్కలేదు. అప్పు కిస్తీ ఆ నెల ఆలస్యమైంది.

తుఫాన్ డ్రైవరు శనివారం వచ్చాడు. నాలుగు చక్రాల నుంచి పంతొమ్మిది ముక్కలు ఊడదీసి, ఎనిమిది పెట్టి సున్నా చూపించాం. మిగతా ముక్కల డబ్బు లెక్కగట్టి చేతిలో పెడితే అతను తీసుకోలేదు. బండి వెనక్కి వెళ్లి చూపించి, “పైసలొద్దన్నా, గీ స్టెప్నీకి గూడ చేసియ్యి” అన్నాడు.